మూడు డిగ్రీల సాక్ష్యం

బిగ్ బ్యాంగ్ గురించి సభల్లో మాట్లాడినప్పుడల్లా నాకు రెండు రకాల ప్రశ్నలు ఎదురవుతుంటాయి. మొదటిది ఆస్తికుల నుంచి వస్తుంది. "విశ్వానికి ఒక మొదలు ఉందని సైన్సే ఒప్పుకుంది కదా, ఇక సృష్టికర్తను ఒప్పుకోవడానికి మీకు అడ్డేమిటి?" రెండోది మనవాళ్ళ నుంచే వస్తుంది. "ఈ సిద్ధాంతాన్ని మొదలుపెట్టినవాడు ఒక చర్చి ఫాదరీ అట కదా, బైబిల్ కథకి సైన్సు ముసుగు వేశారేమో?"

పైకి ఇవి ఎదురెదురు ప్రశ్నల్లా ఉంటాయి గానీ రెండింటిలో ఉన్న పొరపాటు ఒకటే. మొదటాయనకి ముగింపు నచ్చింది కాబట్టి ఒప్పుకుంటున్నాడు. రెండో ఆయనకి నచ్చలేదు కాబట్టి అనుమానిస్తున్నాడు. సాక్ష్యం ఏమిటని ఇద్దరూ అడగలేదు. సాక్ష్యం ఉంది. దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్లు, అంటే సున్నాకి దాదాపు 270 డిగ్రీల సెల్సియస్ కింద. దాని పేరు కాస్మిక్ మైక్రోవేవ్ బ్యాక్‌గ్రౌండ్. తెలుగులో విశ్వ నేపథ్య వికిరణం అనుకుందాం. అది ఎలా దొరికింది, ఏం చెప్పింది, ఏం చెప్పలేదు అన్నదే ఈ వ్యాసం.

ఇష్టాయిష్టాల కాలం

ముందు ఫాదరీ సంగతి తేల్చేద్దాం. విశ్వం వ్యాకోచించవచ్చని ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి మొదట లెక్కగట్టినవాడు అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ అనే రష్యన్ గణితవేత్త, 1922లో. ఆయన ఫాదరీ కాదు. బెల్జియం దేశస్థుడైన జార్జ్ లెమైత్ర్ నిజంగానే కేథలిక్ ఫాదరీ. ఆయన 1927లో విడిగా అదే ఫలితానికి వచ్చాడు. గెలాక్సీలు ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా మన నుంచి దూరమవుతున్నాయని 1929లో ఎడ్విన్ హబుల్ పరిశీలనలు చూపించాయి. ఈ వ్యాకోచాన్ని వెనక్కి నడిపిస్తే విశ్వమంతా ఒకప్పుడు చాలా దట్టంగా ఉండి ఉండాలని లెమైత్ర్ 1931లో ప్రతిపాదించాడు.

ఇది నచ్చనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో పెద్ద పేరు ఫ్రెడ్ హోయిల్. ఇంగ్లండుకి చెందిన ఈయన మతాన్ని నమ్మనని బాహాటంగా చెప్పినవాడు. 'మొదలు' అనే మాటలోనే ఆయనకి మత వాసన కొట్టింది. 1948లో హోయిల్, హెర్మన్ బాండీ, థామస్ గోల్డ్ కలిసి స్థిరస్థితి సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. దాని ప్రకారం విశ్వానికి మొదలూ లేదు, తుదీ లేదు. వ్యాకోచం వల్ల ఏర్పడే ఖాళీలో కొద్దికొద్దిగా కొత్త పదార్థం పుడుతూ ఉంటుంది. 1949లో బీబీసీ రేడియో ప్రసంగంలో హోయిల్ ఎదుటి సిద్ధాంతాన్ని 'బిగ్ బ్యాంగ్' అన్నాడు. ఆ పేరే స్థిరపడిపోయింది. సృష్టి అనే మాట గిట్టనివాళ్ళ సిద్ధాంతానికి నిరంతరం పదార్థం పుట్టడం అవసరమైందన్నది ఇక్కడ గమనించాల్సిన తమాషా.

అటువైపు 1951 నవంబరులో పోప్ పన్నెండవ పయస్ వాటికన్‌లో మాట్లాడుతూ, ఆధునిక సైన్సు సృష్టి క్షణానికి సాక్ష్యం చెబుతోందన్న అర్థం వచ్చేలా ప్రకటించాడు. ఇది విని సంతోషించాల్సిన లెమైత్ర్ ఇబ్బంది పడ్డాడు. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నలకి పూర్తిగా వెలుపల ఉంటుందన్నది ఆయన అభిప్రాయం. 1958లో శాస్త్రవేత్తల సమావేశంలో ఆ మాట స్పష్టంగా చెప్పాడు కూడా. సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన ఫాదరీయే దాన్ని దేవుడికి రుజువుగా వాడొద్దంటే, ఆ ఫాదరీ వేసుకున్న అంగీని చూసి మనం సిద్ధాంతాన్ని అనుమానించడం ఏపాటి హేతువాదం?

నచ్చడం, నచ్చకపోవడం రెండు పక్కలా ఉంది. తేల్చడానికి ఒక కొలత కావాలి.

ముందుగా చెప్పిన అంకె

ఆ కొలత ఎలా ఉండాలో 1948లోనే ఇద్దరు యువకులు రాసిపెట్టారు. జార్జ్ గామోవ్ శిష్యుడు రాల్ఫ్ ఆల్ఫర్, సహచరుడు రాబర్ట్ హెర్మన్. వాళ్ళ తర్కం మనకి కష్టమైనదేమీ కాదు.

సైకిల్ పంపుతో గాలి కొడితే పంపు వేడెక్కుతుంది. నొక్కితే వేడి, వదిలితే చల్లదనం. విశ్వం ఒకప్పుడు దట్టంగా ఉందంటే మహా వేడిగా కూడా ఉండి ఉండాలి. అంత వేడిలో పరమాణువులు నిలవవు, ఎలక్ట్రాన్లు విడిగా తిరుగుతుంటాయి. వెలుగు వాటికి తగిలి చెదిరిపోతూ, పొగమంచులో టార్చిలైటు వేసినట్టు ఎటూ సాగలేదు. వ్యాకోచంతో చల్లబడి దాదాపు 3,000 కెల్విన్లకి వచ్చాక ఎలక్ట్రాన్లు కేంద్రకాలతో కలిసి పరమాణువులు ఏర్పడతాయి. మంచు విడిపోతుంది, వెలుగుకి దారి దొరుకుతుంది. ఇది జరిగింది విశ్వం వయసు 3,80,000 సంవత్సరాలప్పుడని ఇప్పటి లెక్క. ఆ వెలుగు పోవడానికి విశ్వం బయట చోటంటూ లేదు. కాబట్టి అది ఇప్పటికీ అన్ని వైపులా ఉండాలి, కాకపోతే బాగా చల్లారిపోయి ఉండాలి. ఎంత? ఆల్ఫర్, హెర్మన్ వేసిన అంచనా సుమారు 5 డిగ్రీల కెల్విన్.

ఈ అంచనాని అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. విచిత్రమేమిటంటే అప్పటికే ఒక కొలత పుస్తకాల్లో ఉంది. 1941లో కెనడాకి చెందిన ఆండ్రూ మెకెల్లర్ నక్షత్రాల మధ్య ఉన్న సయనోజెన్ అణువులు ఏ స్థాయిలో ఉత్తేజితమై ఉన్నాయో చూసి, సుమారు 2.3 డిగ్రీల ఉష్ణోగ్రత లెక్కగట్టాడు. ఆ అణువులు నిజానికి విశ్వ నేపథ్య వికిరణంలో తడుస్తున్నాయి. అయితే అడిగే ప్రశ్న తెలియక అది ఒట్టి అంకెగానే ఉండిపోయింది. సాక్ష్యం కళ్ళ ముందే ఉన్నా, దాన్ని ప్రశ్నతో జతచేసేవాడు లేకపోతే అది సాక్ష్యం కాదు.

పావురాలు, రెట్టలు, ఆగని రొద

1964లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం హోమ్‌డెల్‌లో బెల్ లాబ్స్‌కి ఒక పెద్ద కొమ్ము ఆకారపు ఆంటెన్నా ఉండేది. నోరు 20 అడుగుల వెడల్పు. ఎకో అనే బెలూన్ ఉపగ్రహం నుంచి తిరిగొచ్చే బలహీనమైన సంకేతాల కోసం కట్టారు. ఆ పని అయిపోయాక ఆర్నో పెంజియస్, రాబర్ట్ విల్సన్ దాన్ని ఖగోళ పరిశీలనకి వాడుకుందామనుకున్నారు. 7.35 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కొలిస్తే, ఉండకూడని రొద ఒకటి వినిపించింది. దాని విలువ దాదాపు 3.5 డిగ్రీలు.

ఆ తర్వాత వాళ్ళు చేసిన పనిని ప్రతి హేతువాదీ గుర్తుపెట్టుకోవాలి. ఆకాశం నుంచి సందేశం వస్తోందని ప్రెస్ మీట్ పెట్టలేదు. తప్పు తమ పరికరంలోనే ఉందనుకుని వెతకడం మొదలుపెట్టారు. ఆంటెన్నాని న్యూయార్క్ నగరం వైపు తిప్పారు, రొద పెరగలేదు. రాత్రీ పగలూ చూశారు, తేడా లేదు. 1962లో ఎత్తున పేల్చిన అణుబాంబు ప్రభావమేమో అనుకున్నారు. అదైతే నెలలు గడిచేకొద్దీ తగ్గాలి, తగ్గలేదు. అతుకుల మీద అల్యూమినియం టేపు వేశారు, లాభం లేదు. కొమ్ము లోపల ఒక పావురాల జంట కాపురం పెట్టి గోడలకి తెల్లగా రెట్టలు పూసింది. పావురాలని పట్టి దూరంగా పంపిస్తే అవి తిరిగొచ్చాయి. చివరికి వాటిని వదిలించుకుని లోపలంతా కడిగారు. రొద అలాగే ఉంది.

అదే సమయంలో అక్కడికి ఎంతో దూరం లేని ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్ డికీ బృందం సరిగ్గా ఈ వికిరణాన్ని పట్టుకోవడానికే పరికరం కడుతోంది. ఆ బృందంలో లెక్కలు వేసినవాడు జేమ్స్ పీబుల్స్. ఆల్ఫర్, హెర్మన్‌ల పాత లెక్క వాళ్ళకీ తెలియదు. మళ్ళీ మొదటి నుంచి వేసుకున్నారు. పీబుల్స్ రాసిన పత్రం గురించి ఒక మిత్రుడి ద్వారా తెలిసి పెంజియస్ ప్రిన్స్‌టన్‌కి ఫోన్ చేశాడు. తమ వేట మొదలుకాకముందే ముగిసిందని డికీకి అర్థమైంది. 1965లో రెండు పత్రాలు ఒకే పత్రికలో పక్కపక్కన వచ్చాయి. ఒకటి కొలత, రెండోది దాని అర్థం.

విల్సన్ కాల్టెక్‌లో చదివేటప్పుడు విశ్వశాస్త్రం విన్నది సాక్షాత్తూ హోయిల్ దగ్గరే. ఆయనకి స్థిరస్థితి సిద్ధాంతమంటే ఇష్టం. అందుకే తమ పత్రంలో కొలతని మాత్రమే రాశారు, బిగ్ బ్యాంగ్ ఊసెత్తలేదు. తన ఇష్టానికి ఎదురు తిరిగిన అంకెని ఆయన దాచలేదు, సవరించలేదు, అచ్చువేశాడు. 1978లో పెంజియస్, విల్సన్‌లకి నోబెల్ వచ్చింది. స్థిరస్థితి సిద్ధాంతాన్ని గట్టిగా సమర్థించిన డెనిస్ షామా సాక్ష్యాలు చూసి 1960లలోనే పక్షం మార్చాడు. ఓడిపోయానని ఒప్పుకోవడం సైన్సులో గౌరవం తగ్గించదు.

ఆ వెలుగు చెప్పిన సంగతులు

ఒక్క తరంగదైర్ఘ్యం దగ్గర రొద దొరికినంత మాత్రాన కేసు గెలిచినట్టు కాదు. కొలిమిలో ఇనుము కాలుతున్నప్పుడు రంగు చూసి కమ్మరి వేడి చెప్పేస్తాడు. వేడి వస్తువు ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుగు ఇస్తుందన్నదానికి ఒక కచ్చితమైన వంపు రేఖ ఉంది. భౌతిక శాస్త్రంలో బ్లాక్ బాడీ రేఖ అంటారు. విశ్వమంతా ఒకప్పుడు ఒకే వేడి పులుసులా ఉండి ఉంటే, మిగిలిన వెలుగు ఈ రేఖ మీద పడాలి. నక్షత్రాల వెలుగునో, దుమ్ము వేడినో కలగలిపితే అంత కచ్చితమైన రేఖ రావడం చాలా కష్టం.

1989 నవంబరులో నాసా కోబే అనే ఉపగ్రహాన్ని పంపింది. 1990 జనవరిలో జాన్ మాథర్ మొదటి రేఖని ఖగోళ శాస్త్రవేత్తల సభలో తెర మీద చూపించాడు. కొలిచిన చుక్కలన్నీ సిద్ధాంతపు రేఖ మీదే కూర్చున్నాయి. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. దేవుడి పటం ముందు లేచి నిలబడ్డవాళ్ళని చాలామందిని చూశాం. ఒక గ్రాఫు ముందు లేచి నిలబడ్డ సభ ఇది.

ఇక లెక్క చూడండి. వెలుగు విడిపోయినప్పుడు దాదాపు 3,000 డిగ్రీలు. అప్పటి నుంచి విశ్వం దాదాపు 1,100 రెట్లు సాగింది. భాగించి చూస్తే రెండున్నరకీ మూడుకీ మధ్య వస్తుంది. ప్రతి ఘన సెంటీమీటరులో ఈ పాత వెలుగు కణాలు నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. పాత టీవీల్లో చానెల్ లేనప్పుడు కనిపించే చుక్కల వానలో ఒక శాతం దాకా ఇదే. దూరదర్శన్ రోజుల్లో ఆంటెన్నా తిప్పుతూ విసుక్కున్న మనమందరం తెలియకుండానే విశ్వపు బాల్యాన్ని చూశాం.

1992లో కోబే ఇంకో సంగతి చెప్పింది. ఈ వెలుగు అన్ని వైపులా పూర్తిగా ఒకేలా లేదు. లక్షలో ఒక వంతు స్థాయిలో ఎక్కడో కాస్త వేడి, ఎక్కడో కాస్త చలి. కొద్దిగా దట్టంగా ఉన్న చోట్లలోకే గురుత్వాకర్షణతో పదార్థం చేరి తర్వాత గెలాక్సీలయ్యాయి. ఆ మచ్చలు లేకపోతే మనం లేము. ఈ రెండు ఫలితాలకీ మాథర్, జార్జ్ స్మూట్‌లకి 2006లో నోబెల్ ఇచ్చారు.

మచ్చల సైజుల్లో మరింత సమాచారం ఉంది. తొలి విశ్వపు వేడి పులుసులో శబ్ద తరంగాలు నడిచాయి. మృదంగం కనబడకపోయినా నాదం విని దాని సైజు, బిగువు చెప్పగలిగినట్టు, ఆ తరంగాల గుర్తులు చూసి విశ్వంలో ఏమేమి ఎంతెంత ఉందో లెక్కగట్టవచ్చు. అంటార్కిటికా మీద ఎగరేసిన బూమరాంగ్ బెలూన్ పరికరం ఫలితాలు 2000లో వచ్చాయి. మచ్చల్లో ప్రధానమైనవి ఆకాశంలో సుమారు ఒక డిగ్రీ వెడల్పు ఉన్నాయని, అంటే స్థలం పెద్ద స్థాయిలో చదునుగా ఉందని తేలింది. 2001లో వెళ్ళిన డబ్ల్యూమ్యాప్, 2009లో వెళ్ళిన ప్లాంక్ ఉపగ్రహాలు ఈ పటాన్ని మరింత స్పష్టం చేశాయి. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. మనకి తెలిసిన పరమాణువుల పదార్థం 5 శాతం మాత్రమే. కృష్ణ పదార్థం దాదాపు 27 శాతం, కృష్ణ శక్తి దాదాపు 68 శాతం.

ఈ 5 శాతం అంకెకి ఇంకో సాక్షి కూడా ఉన్నాడు. విశ్వం పుట్టిన మొదటి నిమిషాల్లో తయారైన డ్యుటీరియం ఇప్పుడు ఎంత మిగిలిందో కొలిచి, సాధారణ పదార్థం ఎంతో వేరే దారిలో లెక్కగట్టవచ్చు. ఆ లెక్కా దాదాపు ఇదే చెబుతుంది. ఒకరినొకరు ఎరగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే కోర్టు ఎందుకు నమ్ముతుందో మనకి తెలుసు.

నార్లీకర్ సంగతి

మన దేశంలో ఈ కథకి గట్టి లింకు జయంత్ నార్లీకర్. 1938లో కొల్హాపూర్‌లో పుట్టి, కేంబ్రిడ్జ్‌లో హోయిల్ శిష్యుడై, 1964లో గురువుతో కలిసి గురుత్వాకర్షణ మీద సొంత సిద్ధాంతం ప్రతిపాదించాడు. 1988లో పుణేలో అయూకా సంస్థకి వ్యవస్థాపక డైరెక్టరయ్యాడు. ఆయన బిగ్ బ్యాంగ్‌ని ఒప్పుకోలేదు. 1993లో హోయిల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి స్థిరస్థితి సిద్ధాంతానికి సవరించిన రూపం తెచ్చాడు. నేపథ్య వికిరణం పాత నక్షత్రాల వెలుగేనని, అంతరిక్షంలోని సన్నని ఇనుప పోగులు దాన్ని పీల్చి సమంగా వెదజల్లాయని వాదించాడు. ఈ వాదాన్ని విశ్వశాస్త్రజ్ఞుల్లో అత్యధికులు అంగీకరించలేదు. మచ్చల నమూనానీ, 2002లో దొరికిన ఆ వెలుగు ధ్రువణాన్నీ కొలవకముందే చెప్పింది బిగ్ బ్యాంగ్ లెక్కలు. ఇనుప పోగుల వాదం వాటి వెనక నడవాల్సి వచ్చింది.

అదే నార్లీకర్ 2008లో మహారాష్ట్రలో జ్యోతిషాన్ని పరీక్షకి పెట్టాడు. చురుకైన పిల్లల జాతకాలు 100, మానసిక వైకల్యం ఉన్న పిల్లల జాతకాలు 100 సేకరించారు. ఒక్కో జ్యోతిష్కుడికి 40 పంపి ఏది ఎవరిదో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది సగటున 46 శాతం సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అంతకన్నా తక్కువ రాదు.

2025 మేలో నార్లీకర్ చనిపోయినప్పుడు కొందరు మిత్రులు ఆయన్ని బిగ్ బ్యాంగ్ అనే మతాన్ని ఎదిరించిన హేతువాదిగా కీర్తించారు. నాకు ఆయన మీద గౌరవం తక్కువ కాదు. అయితే ఆ గౌరవం ఆయన ముగింపుకి చెల్లదు, పద్ధతికి చెల్లుతుంది. జ్యోతిషాన్ని ఏ తక్కెడలో తూచాడో, తన సిద్ధాంతాన్నీ అదే తక్కెడలో పెట్టమని శాస్త్ర పత్రికల ముందు నిలబడ్డాడు. ఒక తూకంలో గెలిచాడు, ఇంకో తూకంలో నెగ్గలేదు. మనవాడు కదా అని రెండో తూకాన్ని దాచిపెడితే మనకీ జాతకాలు చెప్పేవాడికీ తేడా ఏముంటుంది?

వేదాల్లో ఉందా?

ఇక అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయనే పాత పాట. హిరణ్యగర్భుడే బిగ్ బ్యాంగ్ అంటారు. బ్రహ్మకి ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు, అది భూమి వయసుకి దగ్గరే కదా అంటారు. భూమి వయసు సుమారు 454 కోట్లు. అదే పురాణ లెక్కలో బ్రహ్మ ఆయుష్షు 311 లక్షల కోట్ల సంవత్సరాలు దాటుతుంది. ఆ అంకెని ఎవరూ ఎత్తరు. పది అంకెల్లో ఒకటి దేనికో దగ్గరగా వస్తే అది జోస్యం కాదు, ఏరుకోవడం.

నేను అడిగేది ఒక్కటే. 1965కి ముందు హిరణ్యగర్భ సూక్తం చదివి, ఆకాశం అన్ని వైపులా ఇన్ని డిగ్రీల వెచ్చదనం ఉండాలని ఎవరైనా రాశారా? ఆల్ఫర్, హెర్మన్ రాశారు. 17 ఏళ్ళ ముందు రాశారు, అంకెతో రాశారు, తప్పయితే దొరికిపోయేలా రాశారు. ఖురాన్‌లోనూ బైబిల్‌లోనూ బిగ్ బ్యాంగ్ ఉందనేవాళ్ళకీ ఇదే ప్రశ్న. నన్నడిగితే ఋగ్వేదంలో మెచ్చుకోదగినది నాసదీయ సూక్తం. సృష్టి ఎలా జరిగిందో పైనున్నవాడికైనా తెలుసో లేదో అనే సందేహంతో అది ముగుస్తుంది. ఆ సందేహాన్ని వదిలేసి, లేని సమాధానాన్ని దాని నోట్లో కుక్కడం ఆ కవికే అన్యాయం.

చెప్పనివి

ఈ వికిరణం ఏం చెప్పదో కూడా తెలుసుకోవాలి. ఇది విశ్వం పుట్టిన క్షణపు ఫోటో కాదు, 3,80,000 ఏళ్ళ వయసప్పటి ఫోటో. విశ్వం ఒకప్పుడు వేడిగా, దట్టంగా, దాదాపు సమంగా ఉందని చెబుతుంది. శూన్యం నుంచి పుట్టిందా, దానికి ముందు ఏముంది అన్నవాటికి జవాబు ఇందులో లేదు. ఆ ఖాళీలో దేవుణ్ణి కూర్చోబెట్టేవాళ్ళు పోప్ చేసిన పొరపాటునే మళ్ళీ చేస్తున్నారు.

ఇంకా వెనక్కి చూశామని తొందరపడ్డవాళ్ళు సైన్సులోనూ ఉన్నారు. 2014 మార్చిలో బైసెప్2 బృందం దక్షిణ ధ్రువం నుంచి విశ్వపు తొలి క్షణాల గురుత్వ తరంగాల జాడ దొరికిందని ప్రకటించింది. ప్రపంచమంతా పతాక శీర్షికలు. 2015 మొదట్లో ప్లాంక్ బృందంతో కలిసి చూస్తే ఆ సంకేతాన్ని మన పాలపుంతలోని దుమ్మే చాలావరకు ఇవ్వగలదని, తరంగాల రుజువు నిలవదని తేలింది. దాన్ని ఒప్పుకుంటూ రాసిన పత్రం మీద బైసెప్2 వాళ్ళ సంతకాలు కూడా ఉన్నాయి. ఇప్పటికీ తెగని తగాదా ఇంకొకటి ఉంది. నేపథ్య వికిరణం నుంచి లెక్కగడితే విశ్వ వ్యాకోచ వేగం 67 దగ్గర, సమీప గెలాక్సీలని నేరుగా కొలిస్తే 73 దగ్గర వస్తోంది. కొలతలో లోపమా, సిద్ధాంతంలో లోపమా అని వాదులాట నడుస్తోంది. రేపు బిగ్ బ్యాంగ్ లెక్కల్లో ఒక ముఖ్యమైన భాగం మారవచ్చు. మారితే దాన్ని మార్చేది ఇంకో కొలతే అవుతుంది.

కాబట్టి మొదటి ప్రశ్న అడిగినవారికి నా జవాబు: విశ్వానికి వేడి బాల్యం ఉందని రుజువైంది, దానికి తండ్రి ఉన్నాడని రుజువు కాలేదు. రెండో ప్రశ్న అడిగిన మనవాళ్ళకి నా జవాబు: సిద్ధాంతం ఎవరి నోటి నుంచి వచ్చిందని చూడకండి, థర్మామీటర్ చూడండి. అది ఫాదరీకీ నాస్తికుడికీ ఒకే అంకె చూపిస్తుంది.